కున్పూ మహాశయుని వృంతాక విజయము

శ్రీమత్ప్రచండ మార్తాండ కిరణజ్వాలా సంతప్త సముద్రతీరమున, నారింజతోటల కొండలకును ఉప్పునీటి పాయకును నడుమ నలిగి నిలిచిన ఓకిహామా పట్టణమందు, ఆగస్టు మాసపు తొలి ఆదివారమున, కీచురాళ్లు దిక్కులు పిక్కటిల్ల రణభేరులు మ్రోగించుచుండగా, చేపల మార్కెట్టు పిల్లులు సైతం పరాక్రమం విడనాడి ఐసుపెట్టెల నీడను శరణు జొచ్చిన మిట్టమధ్యాహ్న వేళ, పురపాలక సంఘ భవనం మేడ మీద, చాపలు పరచిన గదిలో జరిగిన ఘోర సంగ్రామమును వినిపించెదను. అందులో రథములు లేవు. గజతురగములు లేవు. ఏనుగు పట్టేంత వెడల్పు ఆ మెట్లకు లేదు. ఉన్నదల్లా మూలుగుతున్న ఒక ఏసీ, కూజా నిండా చల్లటి బార్లీ టీ, లేని గాంభీర్యం తెచ్చిపెట్టుకుని మోకాళ్లు మడిచి కూర్చున్న కొందరు పెద్దమనుషులు. అయినా ఆ రోజు అక్కడ కూలిన పరువులు పెద్ద యుద్ధాల్లో కూలిన తలలకు తీసిపోవు.

ఈ సంగ్రామానికి నాయకుడు మియౌచి గింజిరో. రేవు వీధిలో కళ్ళద్దాల దుకాణాధీశ్వరుడు, సకల పౌర దృష్టిదోష నివారకుడు, అద్దాలు తుడిచే పసుపుపచ్చ గుడ్డను సదా భుజాన ధరించువాడు. గింజిరో అన్నది అతని వ్యవహారనామం. హైకూ లోకంలో అతని నామధేయం కున్పూ, అనగా పరిమళాలు మోసుకొచ్చే వేసవిగాలి. ఈ బిరుదు అతనికి ఎవరూ ఇవ్వలేదు, తనే పెట్టుకున్నాడు. ఆ పేరుతో రాతి ముద్ర కూడా చెక్కించుకుని ఎర్రసిరా డబ్బా కొని పెట్టుకున్నాడు. ముద్ర వేయడానికి తగిన పద్యం మాత్రం ఇంకా కుదరలేదు, డబ్బాలో సిరా ఎండిపోతోంది.

ఓకిహామా హైకూ గోష్ఠికి ఒక ఆచారం ఉంది. వచ్చినవాళ్లందరూ మూడు చిన్న పాదాల పద్యం ఒక్కొక్కటి చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా పళ్లెంలో పడేస్తారు. చీటీలన్నీ కలిపేసి, దస్తూరీ చూసి ఎవరిదో పోల్చకుండా ఒకరివి ఒకరు తిరగరాస్తారు. ఆ కాగితాలు చేతులు మారుతాయి. ప్రతివారూ తమది కాని పద్యం ఒక్కటి ఏరుకుని, పైకి చదివించి, ఎందుకు నచ్చిందో చెబుతారు. అప్పుడు, అప్పుడు మాత్రమే, అది రాసినవాడు తలెత్తి తన పేరు తానే బిగ్గరగా ప్రకటించుకోవాలి. పూర్వం కత్తి దూసిన వీరుడు శత్రుసేన ఎదుట తన పేరూ వంశమూ చాటుకున్నట్టే అనుకోండి. ఎవరూ ఏరుకోని పద్యం రాసినవాడు మాత్రం నోరు మూసుకుని టీ తాగాలి. అది ఎవరిదని అడగడం కూడా మర్యాద కాదు.

కున్పూ ఏళ్ల తరబడి టీ తాగుతున్నాడు.

పొగరు లేనివాడైతే ఈపాటికి మానేసేవాడు. కున్పూకి అది పుష్కలంగా ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ చాపల గదిలో తన పేరు తను పైకి పలకాలి. అంతకు మించి అతనికి ఈ జన్మలో కోరిక లేదు. ఆ మహత్తర క్షణం వస్తే గొంతు మోసం చేయకూడదని రాత్రిపూట స్నానపు తొట్టెలో మెడదాకా మునిగి సాధన చేసేవాడు. ఒకసారి గంభీరంగా, ఒకసారి వినయంగా, ఒకసారి ఏమీ పట్టనట్టు.

"ఏవండీ, ఏమైంది? జారిపడ్డారా?" అంది భార్య ఫుసాయె తలుపు అవతల నుంచి.

"లేదే. పేరు చెప్పుకుంటున్నా."

"తొట్టెలో ఎవరికి చెప్పుకుంటున్నారు?"

"సాధన చేస్తున్నానే!"

"పక్కింటి కుక్క మొరిగి చస్తోంది. పోనీ దానికి ఒక పద్యం వినిపించండి. ఏరుకుంటుందేమో."

ఇటువంటి వాక్శరాలకు ఆ మహావీరుని వక్షస్థలం అలవాటు పడిపోయింది.

ఇక గోష్ఠికి అధినేత్రి సోనోబె సెన్సే, అనగా గురువుగారు. పిట్టంత మనిషి, ఎనభై దాటిన వయసు, సగం చెవుడు. విసనకర్ర ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నారో వింటున్నారో కనిపెట్టిన మానవుడు లేడు. ఆవిడ కూడా అందరితోపాటు పళ్లెంలో ఒక చీటీ వేస్తారు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. ఏ పద్యం బాగుందో ఎంచడం ఈ గోష్ఠి ఎప్పుడో మానేసింది. ఏది సెన్సేదో కనిపెట్టి దాన్ని ఏరుకోవడమే సాహిత్యసేవ అయిపోయింది. సెన్సే పద్యంలో ఏదో ఒక వంటపాత్ర ఉంటుందని సారా కొట్టు హొరియె అమ్మగారి సిద్ధాంతం. విశేషణం ఉండదని రిటైరైన హెడ్‌మాస్టరు మునెకాతా గారి పరిశోధన. దంతవైద్యుడు వతానుకి గారు మరీ ముందుకు వెళ్లి, సెన్సే కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడు ఏ వరుస దగ్గర విసనకర్ర ఆగుతుందో ఓరకంట కనిపెడుతూ ఉంటారు. ఊళ్లో జనం నోరు తెరిస్తే లోపలి పుచ్చులన్నీ చూడగల ఆ మహానుభావుడు, తను పుచ్చిపోతున్న సంగతి చూసుకోలేదు. హైకూ లోకంలో ఆయన పేరు హకున్, తెల్లమబ్బు. ఆయన తన పేరు ప్రకటించుకోని నెల లేదు. అందుకే కున్పూకి ఆయనంటే ఒళ్లు మంట.

అట్లుండగా జూలై గోష్ఠినాడు ఆ గది గోడకు ఒక పటం వచ్చి చేరింది. ఊరి చిత్రకారుడొకాయన సిరాతో వేసి ఇచ్చాడు. పొడవాటి తెల్ల కాగితం, కింద కుడివైపు మూలన ఒకే ఒక వంకాయ. మిగతాదంతా ఖాళీ. వచ్చే నెల గోష్ఠిలో ఎక్కువమంది ఏరుకున్న పద్యాన్ని సెన్సే తన చేత్తో ఆ ఖాళీలో రాస్తారు. రాసినవాడు పక్కన తన ముద్ర వేసుకోవచ్చు. ఆ తర్వాత పటాన్ని రేవులో పడవల వెయిటింగ్ హాల్లో తగిలిస్తారు.

ముద్ర అన్న మాట చెవిన పడగానే కున్పూ రోమాంచ కంచుకితుడయ్యెను.

"ఒక్క సంగతి చెబుతా వినండి," అన్నారు సెన్సే కళ్లు తెరవకుండానే. "బొమ్మలో ఉన్నదాన్ని పద్యంలో మళ్లీ చెప్పకండి. పద్యం బొమ్మ పక్కన నిలబడాలి, బొమ్మ నెత్తినెక్కి కూర్చోకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది సెన్సే!" అన్నారు అందరూ. ఎవరికీ అర్థం కాలేదు. వంకాయ పేరెత్తితే సర్వనాశనమని మాత్రం అందరి బుర్రల్లోనూ గట్టిగా నాటుకుంది.

అది మొదలు కున్పూ ప్రతిదినం దుకాణం మూసి, భుజాన పసుపుపచ్చ గుడ్డతో, చేత తాటాకు విసనకర్రతో ఆ మేడ మెట్లెక్కి, పటం ఎదుట పద్మాసనం వేసి, వంకాయతో చూపుల యుద్ధం చేయసాగెను. ఊరందరి చూపు సరిచేసినవాడికి ఒక వంకాయ లొంగదా అన్న ధీమా. వంకాయ చలించలేదు. అతడు చంద్రుణ్ణి ప్రయోగించెను. చంద్రుడు ఆ నల్లటి నున్నటి పొట్టకు తగిలి జారిపోయెను. జలపాతమును ప్రయోగించెను, తడిసి ముద్దై తనే తిరిగివచ్చెను. చనిపోయిన అమ్మమ్మను, విరిగిన గొడుగును, యుద్ధకాలపు సైరనును వరుసగా ప్రయోగించి, అన్నీ వ్యర్థములు కాగా, ఒక సాయంత్రం ఓర్మి నశించి లేచి నిలబడి ఇట్లు గర్జించెను:

"ఓరీ వృంతాకాధమా! నీలమేఘశ్యామలాంగా! ముచికా కిరీట దుర్విదగ్ధా! హ్రస్వదృష్టులను, దీర్ఘదృష్టులను, వక్రదృష్టులను చక్కబరచిన ఈ నేత్రములకు నీ గుట్టు చిక్కకపోవుట ఎట్లు? ఏమి దాచితివి? ప్రపంచపు అనిత్యతను దాచితివా? ఏకాంతమును దాచితివా? మా అమ్మమ్మను దాచితివా? బయటపెట్టుము! హైకూకు పదిహేడు మాత్రలు చాలును. అంతకు మించి నిన్ను యాచించను!"

పక్క గదిలో పాట పెట్టుకుని చేతులూపుతూ వ్యాయామం చేస్తున్న ఆడవాళ్లలో ఒకావిడ తలుపు తీసి తొంగి చూసింది.

"ఏమైనా కావాలాండీ?"

"ఏం లేదమ్మా. వంకాయతో మాట్లాడుతున్నా."

"అలాగే కానివ్వండి," అని ఆవిడ తలుపు మెల్లగా వేసేసింది. కాసేపు అటువైపు నుంచి పాట వినిపించలేదు, నవ్వులు వినిపించాయి.

ఇంటికి వెళితే ఫుసాయె నిప్పుల మీద కాల్చిన వంకాయ తొక్క ఒలిచి, అల్లం తురుము, సోయా రసం వేసి ముందు పెట్టింది. "చూస్తే తట్టడం లేదుగా, తిని చూడండి. ఏదో ఒక వైపు నుంచి వస్తుంది," అంది. కున్పూ తిన్నాడు. చాలా బాగుంది. పద్యం మాత్రం రాలేదు.

ఇట్లు నెల గడిచి పూర్వోక్త ఆదివారము సంప్రాప్తించెను. గదిలో అందరూ చీటీలు మడిచి పళ్లెంలో వేశారు. కున్పూ చీటీ మాత్రం తెల్లగా ఉంది. హొరియె అమ్మగారు పళ్లెం పట్టుకుని అతని ముందుకు వచ్చి నిలబడింది.

"కున్పూ గారూ, ఇక వేసేయండి. టీ చల్లదనం పోతోంది."

అతడు చివరిసారి పటం వంక చూశాడు. అంత కడుపుమంట అతనికి ఏనాడూ కలగలేదు. నెల రోజులు బతిమాలినా ఒక్క మాట ఇవ్వని ఆ కాయ మీద కక్షతో, నియమం గియమం గాలికి వదిలేసి, చేతికొచ్చింది గీకి పళ్లెంలో విసిరేశాడు. గెలవాలని రాసింది కాదది. ఓడిపోయినవాడు దుమ్మెత్తి పోసినట్టు రాశాడు.

నెలంతా చూశాను —
వంకాయ
వంకాయగానే ఉంది.

చీటీలు కలిశాయి. తిరగరాతలు అయ్యాయి. కాగితాలు చేతులు మారసాగెను. అంతవరకు తుమ్ములు, దగ్గులు, విసనకర్రల చప్పుళ్లతో కలకలలాడిన ఆ సేనావాహిని, ఒకానొక కాగితం దగ్గరకు వచ్చేసరికి ఒక్కొక్కరుగా స్తంభించిపోయెను. మునెకాతా గారి పెన్సిలు గాలిలో ఆగింది. హొరియె అమ్మగారు నోట్లోని సెంబే అనే బియ్యప్పిండి బిళ్లను కొరకడం మరిచిపోయింది. వతానుకి గారి కనుబొమలు నుదుటి మధ్యకు ఎగబాకాయి.

పేరెత్తకూడని వంకాయ పేరు ఎత్తడమే కాక, ఒకటికి రెండుసార్లు ఎత్తిన మొనగాడెవరు?

అప్పుడు వతానుకి మస్తిష్కమున తర్కము ఇట్లు ప్రవర్తించెను: సెన్సే మాటను ధిక్కరించే గుండె ఈ గదిలో ఎవరికీ లేదు. నాకే లేదు, ఇక వీళ్లకెక్కడిది? పెట్టిన నియమాన్ని తీసే అధికారం పెట్టినవారికే ఉంటుంది. కాబట్టి ఈ పద్యం సెన్సేది. విశేషణం కూడా లేదు! మనల్ని పరీక్షించడానికే నియమం పెట్టి, దాన్ని తనే దాటి, ఎవడు గుర్తుపడతాడా అని కళ్లు మూసుకుని కూర్చుంది ముసలమ్మ. ఔరా!

ఇదే తర్కం, ఇదే వరుసలో, ఇదే ఔరాతో సహా, గదిలో ఉన్న ప్రతి తలకాయలోనూ నడిచింది. అందరూ ఒకరికి తెలియకుండా ఒకరు ముసిముసిగా నవ్వుకుంటూ దాన్నే రాసుకున్నారు. కున్పూ ఒక్కడే రాసుకోలేదు, తనది కాబట్టి. అతడేమీ తక్కువ తినలేదు. చంద్రుడు, తల్లి, గిన్నె ఉన్న ఒక పద్యం చూసి, వంటపాత్ర ఉంది కనుక ఇది సెన్సేదే అయి ఉంటుందని లెక్కవేసి దాన్ని ఏరుకున్నాడు.

పటం పోటీ గనుక అందరి ఎంపికలూ, వ్యాఖ్యలూ అయ్యాకే పేరు ప్రకటన అని ముందే అనుకున్నారు. సెన్సే ఎంపిక మాత్రం ఎప్పటిలాగే పేర్లు కూడా తెలిశాక, ఆఖరున. చదివే పని హొరియె అమ్మగారిది.

"మునెకాతా గారి ఎంపిక," అని ఆవిడ గొంతు సవరించుకుంది. "నెలంతా చూశాను. వంకాయ. వంకాయగానే ఉంది."

కున్పూ చెవులు మోసపోయాయనుకున్నాడు. మునెకాతా గారు, స్కూల్లో సోమవారం ఉదయం ప్రసంగం ఇచ్చినట్టు, వెన్ను నిటారుగా పెట్టి సెన్సే వైపు తిరిగి చెప్పారు:

"ఇక్కడ రెండు వంకాయలున్నాయి. మొదటి వంకాయ వేరు, రెండో వంకాయ వేరు. మొదటిది బజార్లో దొరుకుతుంది. రెండోది..." ఆయన చూపుడువేలు పైకెత్తారు. "రెండోది దొరకదు."

అందరూ నిట్టూర్చారు.

"ఇక నా ఎంపిక," అంది హొరియె అమ్మగారు. "ఇదే. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయండీ. మా ఆయన పోయిన మర్నాడు వంటింట్లోకి వెళితే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. టీ కప్పు టీ కప్పులాగే ఉంది. చెప్పులు చెప్పుల్లాగే ఉన్నాయి. అదే గుర్తొచ్చింది."

ఆ మాట విని కున్పూ ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు. తను కక్షతో గీకిన గీతలో అంత ఉందని అతనికి తెలియదు. ఆవిడ చెప్పింది నిజమేనని మాత్రం అనిపించింది.

"వతానుకి గారి ఎంపిక. ఇదే."

వతానుకి గారు లేచి నిలబడ్డారు. గోష్ఠిలో లేచి నిలబడే అలవాటు ఎవరికీ లేదు.

"ఇందులో నాకు కనిపించింది ధైర్యం! నియమం తెలిసినవాళ్లే నియమం దాటగలరు. మనలాంటివాళ్లు చంద్రుళ్లనీ, జలపాతాలనీ పట్టుకుని వేలాడతాం. ఈ కవి దేన్నీ పట్టుకోలేదు. చూడండి ఆ తెల్ల కాగితం. శూన్యం! ఆ శూన్యంలో వంకాయ తనను తానే చూసుకుంటోంది. మనం వంకాయను చూడటం లేదు. వంకాయ మనల్ని చూస్తోంది! ఇది ఒక్క జన్మలో అబ్బే విద్య కాదండీ." అంటూ చివరి ముక్క సెన్సే వైపు వంగి చెప్పారు.

సెన్సే కళ్లు మూసుకునే ఉన్నారు. విసనకర్ర కదల్లేదు.

తక్కినవాళ్లవి కూడా అదే. వంకాయలో కొందరికి మరణం కనిపించింది, ఒకాయనకు దేశ ఆర్థిక పరిస్థితి కనిపించింది. కున్పూ ఏరుకున్న చంద్రుడు ఒకే ఒక్క ఓటుతో బిక్కుబిక్కుమంటూ మిగిలాడు. వంకాయ సర్వసేనా సమేతంగా గదిని ఆక్రమించుకుంది.

"బాగుంది," అన్నారు సెన్సే. "ఇంతకీ వంకాయ ఎవరిది?"

అందరూ ఆవిడ వైపే చూస్తూ చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు.

అప్పుడు, చిరకాల చాయపాన దీక్షాపరుడును, స్నానకుండ మధ్యస్థ గర్జనాభ్యాస దక్షుడును అగు మియౌచి గింజిరో, పసుపుపచ్చ గుడ్డను భుజాన సవరించుకొని, మోకాళ్ల మీద లేచి, ఉచ్ఛ్వాసము పూరించి, తొట్టెలో సాధించిన మూడు విధాల్లో మొదటిదైన గంభీర స్వరమున దిక్కులు మ్రోయ ప్రకటించెను:

"కున్పూ!"

చప్పట్లకు లేచిన చేతులు ఎక్కడివక్కడ ఆగి, మెల్లగా ఒళ్లోకి దిగాయి.

"ఎవరూ?" అన్నారు మునెకాతా గారు.

"నేనేనండీ. కున్పూ. కళ్ళద్దాలు..."

"కళ్ళద్దాలు మాకు తెలుసు. వంకాయ కూడా మీదేనా?"

"నాదే."

వతానుకి గారు నిలబడే ఉన్నారు. ఆయన ముఖం, మత్తు ఇవ్వకుండా పన్ను పీకించుకున్నవాడి ముఖంలా మారింది. ఆయన సెన్సే వైపు తిరిగారు.

"సెన్సే, ఒక అభ్యంతరం. బొమ్మలో ఉన్నది చెప్పకూడదన్నది మీ నియమం. ఈయన ఏకంగా రెండుసార్లు చెప్పారు. ఇది నియమోల్లంఘన! నా ఎంపిక వెనక్కి తీసుకుంటున్నాను."

"నియమం దాటినందుకే కదా మీరు దీన్ని మెచ్చుకున్నది?" అన్నారు సెన్సే.

"అవును సెన్సే. అంటే... దాటినవారు ఎవరో..."

"ఎవరనుకున్నారు?"

వతానుకి గారు తల తిప్పేశారు. టీ కూజా ఎటుందో వెతుక్కున్నారు.

"నేను కూడా రెండో వంకాయ విషయంలో కాస్త తొందరపడ్డాను," అన్నారు మునెకాతా గారు. "పునఃపరిశీలిస్తే అది కూడా బజారుదే."

ఆ తర్వాత పలాయనం మొదలైంది. మరణం చూసినవారు చూపు సరిగా లేదన్నారు. ఆర్థిక పరిస్థితి చూసిన పెద్దమనిషి పేపరు ఎక్కువ చదవడం వల్ల అలా కనిపించిందన్నాడు. కున్పూ ఒక్కొక్కరినే చూస్తూ కూర్చున్నాడు. వాళ్లు పోతే పోయారు. హొరియె అమ్మగారి వంక చూశాడు.

ఆవిడ తల దించుకుని కాగితాలు సర్దుతోంది. "నాక్కూడా... కళ్లు మండుతున్నాయండీ పొద్దున్నుంచి. ఎండ కదా. అందుకే నీళ్లు తిరిగాయేమో."

ఆ మాట మాత్రం కున్పూకి నిజంగా గుచ్చుకుంది. ఓటు పోయినందుకు కాదు. భర్త చెప్పుల్ని కూడా ఆవిడ వెనక్కి తీసేసుకుంది.

అందరూ మళ్లీ ఏరుకోవాలని తీర్మానమైంది. మళ్లీ వేట మొదలు. ఈసారి సెన్సేది ఏది? కాగితాలు రెపరెపలాడాయి. ఒక్క ఓటున్న పద్యం ఒక్కటే కనిపించింది, కున్పూ ఏరుకున్న చంద్రుడు. అందులో గిన్నె ఉంది. తల్లి ఉంది. విశేషణం లేదు. ఇంకేం కావాలి? గొర్రెల మంద గేటు దాటినట్టు అందరూ ఒకరి వెనక ఒకరు దానిలోకి దూరారు. వతానుకి గారు ఒక్కరే వేరేదేదో రాసుకుని, ముఖంలో వెలుగు దాచుకోలేక కిటికీ వైపు తిరిగారు.

"అమ్మ కడిగిన గిన్నె. నీళ్లు నిలిచేలోగా. దిగాడు చంద్రుడు," అని చదివింది హొరియె అమ్మగారు. "ఎవరిది?"

"హకున్!" అన్నారు వతానుకి గారు, దంతములు సమస్తమును కనబడునట్లుగా.

రెండోసారి కూడా సెన్సే తప్పిపోయేసరికి గదిలో గాలి తీసేసినట్టయింది. కానీ ఒకే రోజు రెండుసార్లు ఓట్లు వెనక్కి తీసుకోవడానికి మొహాలు చెల్లలేదు. మునెకాతా గారు ఉండబట్టలేక అడిగేశారు:

"సెన్సే, ఇంతకీ మీది ఏదండీ?"

"ఎవరూ ఏరుకోని పద్యం ఎవరిదో అడగడం మర్యాద కాదు మునెకాతా గారూ. టీ తాగండి."

ఆయన తాగారు. సెన్సే కళ్లు తెరిచి చంద్రుడి పద్యాన్ని ఒకసారి చూశారు.

"ఉత్త చంద్రుడంటే మన హైకూ లెక్కలో శరదృతువుకు గుర్తు కదా వతానుకి గారూ. మనం ఇంకా ఎండల్లోనే ఉన్నాం. పోనీలెండి, ఈ ఉక్కలో కాస్త ముందే చల్లదనం తెచ్చారు. అందరూ ఏరుకున్నారు కాబట్టి రాస్తాను. సిరా తెండి."

నల్ల సిరా వచ్చింది. కుంచె వచ్చింది. నెలంతా కున్పూ కళ్లతో దున్నిన ఆ తెల్లటి ఖాళీలో చంద్రుడు, గిన్నె, అమ్మ ఒకదాని కింద ఒకటి దిగాయి. వతానుకి గారు తన ముద్రను రెండు చేతులా అదిమి వేశారు. కున్పూ చూస్తూ కూర్చున్నాడు. తన ఓటుతోనే ఆ చంద్రుడు లేచాడని అతనికి తెలుసు. అతని కోపం ఎవరి మీదా మిగల్లేదు, తన మీద తప్ప. తను కూడా ఏరుకున్నది పద్యాన్ని కాదు, సెన్సేని.

"ఇక లేద్దామా?" అన్నారు ఎవరో.

"నా ఎంపిక చదవలేదు," అన్నారు సెన్సే.

అందరూ లేవబోయినవాళ్లు కూర్చున్నారు. హొరియె అమ్మగారు సెన్సే ముందున్న చీటీ అందుకుని విప్పింది. మొదటి విడతలోనే, అందరితోపాటు రాసి మడిచి పెట్టిన చీటీ అది. ఆవిడ చదవబోయి ఆగిపోయింది. మళ్లీ చదివింది.

"నెలంతా చూశాను. వంకాయ. వంకాయగానే ఉంది."

మునెకాతా గారు టీ కప్పు కింద పెట్టారు.

"మొదటి పాదం దండగ," అన్నారు సెన్సే. "నెలంతా చూశారో, పూటంతా చూశారో మాకెందుకు? వంకాయ మిమ్మల్ని చూడమని అడిగిందా? అదొకటి. నేను వద్దన్న పని చేశారు, అది రెండోది. అయినా వచ్చిన వాటిలో వంకాయను చూసినవారు రాసింది ఇదొక్కటే. తక్కినవాళ్లు నా మొహం చూసి రాశారు." ఆవిడ విసనకర్ర తీసి మెల్లగా విసురుకున్నారు. "మీరందరూ నాది అనుకుని దీన్ని ఏరుకున్నారు. నాది కాదని తెలిసి ఏరుకున్నది ఈ గదిలో నేనొక్కదాన్నే."

వతానుకి గారు తన ముద్ర మీది ఎర్రసిరాను రుమాలుతో తుడవడం మొదలుపెట్టి, తుడుస్తూనే ఉన్నారు. హొరియె అమ్మగారు కాగితాలు సర్దడం ఆపింది. చేతివేళ్లతో కళ్లు తుడుచుకుంది. ఈసారి ఎండ గురించి ఏమీ అనలేదు.

"ఎవరిది?" అన్నారు సెన్సే, ఆచారం ప్రకారం.

గంభీరంగానా, వినయంగానా, ఏమీ పట్టనట్టా? తొట్టెలో నేర్చిన విద్యలన్నీ ఆ క్షణాన మహావీరునికి మరుపునకు వచ్చెను. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది.

"వినపడలేదు," అన్నారు సెన్సే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"కున్పూ," అన్నాడతను. మామూలుగా అన్నాడు, దుకాణంలో ఎవరికో పేరు చెప్పినట్టు.

"ఆఁ. కున్పూ," అన్నారు సెన్సే.

ఇట్లు ఆగస్టు మాసమున, ఓకిహామా పురవరమున, మేడ మీది చాపల గదిలో, సకల సేనా పరిత్యక్తుడయ్యును, నియమ భంగ కళంకితుడయ్యును, ప్రథమ పాద దోషదూషితుడయ్యును, పటము పోగొట్టుకున్నను, ముద్ర వేయుటకు జాగా లేకున్నను, వృంతాకముతో మాసపర్యంతము పోరి నిలిచిన కళ్ళద్దాల దుకాణాధీశ్వరుడు మియౌచి గింజిరో, కున్పూ బిరుదాంకితుడు, ఒక్క ఓటు సంపాదించెను! మళ్లీ చెబుతున్నాను, సరిగా వినండి: ఒక్క ఓటు. ఎవరూ వెనక్కి తీసుకోనిది.